ఎలక్టివ్‌లు ఎంచుకునే ముందే దారి చూపాలి

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ డిగ్రీలో ఎలక్టివ్‌ల (విద్యార్థి తనకు నచ్చి ఎంచుకునే సబ్జెక్టుల) ఎంపిక చీకట్లో రాయి విసిరినట్టుగా తయారైంది. ఫారం నింపడానికి రెండు రోజులే గడువు ఇస్తారు, ఏ సబ్జెక్టుకు ముందు ఏది చదివి ఉండాలో చెప్పేవారు ఉండరు. దాంతో చాలామంది స్నేహితులు తీసుకున్నదో, మార్కులు సులువుగా పడతాయన్న పేరున్నదో తీసుకుంటున్నారు. ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్న నేను పోయినేడు పేరు చూసి, డేటా నుంచి కంప్యూటర్‌కు నేర్పే మెషిన్ లెర్నింగ్‌లో చేరాను. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రాకపోవడంతో సెమిస్టర్ అంతా టెన్షనే. సూత్రాలు బట్టీపట్టి పాసయ్యాను తప్ప, అలా నేర్పిన ప్రోగ్రామ్, అంటే మోడల్, ఎక్కడ తప్పుతోందో చెప్పలేకపోయాను. దానికి పునాది అయిన ఆటోమాటా థియరీ చదవకుండా కంపైలర్ డిజైన్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్‌ల తయారీ) తీసుకున్న నా క్లాస్‌మేట్‌దీ ఇదే బాధ. ఉద్యోగంలో రోజూ అక్కరకొచ్చే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌నేమో ఎవరూ పట్టించుకోవడం లేదు. టూల్స్ మారిపోతుంటాయి, కానీ 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్ మీద నేటికీ ఎన్నో డేటాబేస్‌లు నడుస్తున్నాయి. అలాంటి పునాదులు ముందు పడాలి. ఏ కోర్సుకు ఏది ఆధారమో చూపే పట్టికను కాలేజీలు మొదటి సెమిస్టర్‌లోనే ఇవ్వాలి. ఎంపికకు ముందు ప్రతి విద్యార్థితో ఒక అధ్యాపకుడు అరగంటైనా కూర్చుని మాట్లాడాలి. క్లాసులు మొదలైన రెండు వారాల్లోపు ఎలక్టివ్ మార్చుకునే వీలు కూడా కల్పించాలి.