దున్నదూడకూ ఒక కాటా కావాలి

సంపాదకులకు,

అయ్యా,

మా గోదావరి డెల్టాలో తూకం లేకుండా చేతులు మారే సరుకు దాదాపు ఒక్కటే మిగిలింది. వడ్లకు 75 కిలోల బస్తా లెక్క ఉంది, తేమ 17 శాతం దాటిందో లేదో చూసే మిషన్ కూడా ఉంది. పాలకేంద్రంలో వెన్న శాతం తేలనిదే లీటరుకు ధర రాయరు. రొయ్యలను కిలోకు ఎన్ని తూగుతాయో చూసి కౌంటు కడతారు. (కొబ్బరికాయను తూచరు కదా అని ఎవరైనా అడగవచ్చు, తూచకపోయినా దాన్ని లెక్కపెడతారు.) మాంసానికి పోయే దున్నపోతునో, ఒట్టిపోయిన గేదెనో మాత్రం నేటికీ సంతలో దళారి కంటిచూపుతో అంచనా కట్టి, తుండుగుడ్డ చాటున వేళ్లు నొక్కి బేరమాడి తోలుకుపోతున్నాడు. పెద్దమాంసం గురించి పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు తినవచ్చా, కూడదా అన్న వాదన దగ్గరే ఆగిపోతున్నందున, ఆ పశువును పెంచి అమ్ముకునే రైతు పక్షాన ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆవుల గురించి రాయడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆవునూ, దాని దూడనూ, గేదె దూడనూ కోయడం నేరం. మిగిలిన పశువు ఏదైనా సరే, అది ఇక పాడికి గాని, సేద్యానికి గాని, సంతానోత్పత్తికి గాని పనికిరాదన్న ధ్రువపత్రం ఉంటేనే కోయాలి. అంటే మా వైపు న్యాయంగా అంగడికి చేరే పెద్దమాంసం ప్రధానంగా ఎదిగిన దున్నపోతులదీ, ఒట్టిపోయిన గేదెలదీ.

డెల్టాలో మాంసం కోసమని పశువును పెంచే అలవాటు లేదు. పాడికి మిగులుగా తేలిన పశువే అటు పోతుంది. గేదె పది నెలలు దాటి చూడి మోసి ఈనిన దూడల్లో సగం మగవే అవుతాయి. పెయ్యదూడ పుడితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. దున్నదూడ పుడితే ఎవరూ పైకి ఏమీ అనరు గాని, దాని వాటా పాలు కేంద్రానికి పోతాయి. పుట్టినప్పుడు 30 కిలోలకు అటూ ఇటూగా తూగిన దూడ జున్నుపాలు చాలక, ఆ తరువాత పాలే అందక, రెండు నెలలు తిరిగేసరికి ఎముకల గూడవుతుంది. తల్లి పాల ద్వారానే కడుపులోకి చేరే ఏలికపాములకు రెండో వారంలోనే మందు తాగించాలని పశువైద్యులు ఎంత చెప్పినా, అమ్ముడుపోని దూడకు మందు దండగని ఊరుకుంటాం. ‘ఊరుకుంటాం’ అని రాయడానికి కారణం, నేనూ చాలా ఏళ్లు అలా ఊరుకున్నవాణ్ణే. దూడ పోయాక గేదె పాలు చేపకపోతే (పొదుగులోకి దించకపోతే) కొందరు సూదిమందు పొడిచి మరీ పాలు పిండుతున్నారు; అది తప్పని వారికీ తెలుసు. కత్తికి అప్పగించలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటూ, పాకలో కట్టేసి పస్తులతో చంపడాన్ని నేను దయ అనలేను.

ఆ పని ఇక చేయకూడదనుకుని ఒక దున్నదూడను రెండేళ్లకు పైగా పెంచాను. మొదటి రెండు నెలలు ఒక చన్ను దానికే వదిలాను. ఆ తరువాత తవుడు, కాస్త నూనెగింజల చెక్క, సార్వా (తొలకరి వరి) కోత ముందు చేలో చల్లిన పిల్లిపెసర మేత, మిగిలిన కాలమంతా ఎండుగడ్డితో గడిచింది. ఎండుగడ్డి కూడా ఇప్పుడు తేలిగ్గా దొరికేది కాదు. కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే ముక్కలై పడుతోంది, దాళ్వాకు (రెండో పంట వరికి) తొందరపడి చాలామంది దానికి నిప్పు పెడుతున్నారు, మేత బీళ్లు చేపల చెరువుల కింద పోయాయి. ఆ గడ్డినే ఏరి తెచ్చి, 100 కిలోలకు 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు సమంగా చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే పశువు ఇష్టంగా తింటుంది, దానికి అరుగుతుంది. నిప్పు పెట్టే ముందు రైతులు ఒక్కసారి ఈ పని చేసి చూడాలని నా మనవి.

దున్నపోతు ఎదిగింది. సంతకు తోలితే దళారి దాని చుట్టూ ఒకసారి తిరిగి, 250 కిలోలకు మించదని తేల్చి, 28 వేలు అన్నాడు. నాకు పట్టుదల పుట్టి, దాన్ని ట్రాక్టరు తొట్టిలో ఎక్కించి దగ్గర్లోని వడ్ల మిల్లు వేబ్రిడ్జి మీద తూయించాను. తొట్టి బరువు పోను 340 కిలోలు వచ్చింది. ఆ చీటీ చూపిస్తే దళారి, ‘ఈ కాటా వడ్ల లారీలకండీ, దున్నపోతులకు కాదు’ అన్నాడు. చివరికి 31 వేలకు ఇచ్చేశాను, ఎందుకంటే సంత ముగిసే వేళకు మేతా నీళ్లూ లేని పశువును పట్టుకుని నిలబడిన రైతుకు తిరిగి తోలుకుపోవడమంటే మరో ఖర్చు. 90 కిలోల పశువు ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది. ఆ తరువాతి ఈతలో పుట్టిన దున్నదూడకు రెండు నెలలు పాలు వదలమంటే మా ఇంట్లోవాళ్లు నన్నే ఎదురు ప్రశ్నించారు, వారిని తప్పు పట్టలేను.

ఇదే తెలుగు తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌లో ‘నెలోర్’ అన్న మన నెల్లూరు పేరుతోనే మాంసపు పశుసంపదకు వెన్నెముక అయ్యాయి. అక్కడి రైతుకు ఎదిగిన పశువు ధర ‘అరోబా’ లెక్కన, అంటే 15 కిలోల మాంసపు తూకానికి ఇంత అని కడతారు. మన దేశం నుంచి 2022-23లో సుమారు 11.75 లక్షల టన్నుల గేదె మాంసం విదేశాలకు పోగా, దాని విలువ 25 వేల కోట్ల రూపాయలు దాటింది. ఎగుమతి చేసేవారు ఎముక తీసి, చల్లబరచి, పరీక్షించి, ప్రతి పెట్టెనూ తూచి పంపుతారు. తూకం లేనిది ఆ దారి మొదట్లో, రైతు చేతిలో పలుపు ఉన్న చోటే. 11వ పంచవర్ష ప్రణాళికలో దున్నదూడలను కాపాడి పెంచే పథకాన్ని కేంద్రం తెచ్చింది గాని, మా చుట్టుపక్కల దాని పేరు విన్న రైతు నాకు తారసపడలేదు.

పశువుల సంత పాట పాడుకున్నవారు తలకు ఇంతని రుసుము వసూలు చేస్తున్నారు కాబట్టి, ఆ రుసుములోంచే ఒక పశువుల కాటా, నీళ్ల తొట్టి, నీడ ఏర్పాటు చేయాలన్న షరతును వేలం పత్రంలోనే పెట్టాలి. గాలికుంటు టీకా వేసేటప్పుడు చెవికి తగిలించే 12 అంకెల పోగు నంబరును కాటా చీటీ మీద రాస్తే, ఆ పశువు ఎవరిదో, టీకాలు పడ్డాయో లేదో కొనేవాడికీ తెలుస్తుంది, దొంగ పశువు సంతలోకి రాదు. లారీలో పెద్ద పశువు ఒక్కోదానికి 2 చదరపు మీటర్ల చోటు వదలాలన్న నిబంధన ఉన్నా, రాత్రివేళ మా రోడ్ల మీద పోయే బండ్లలో అది ఎంతవరకు అమలవుతోందో అందరికీ కనబడుతూనే ఉంది. కబేళాలో ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులను మించి పరీక్షించరాదని 2001 నాటి నియమాలు చెబుతున్నాయి. చిన్న పట్టణాల్లో తడికెల చాటున కోసే చోట పరీక్షించే వైద్యుడే ఉండడు. తినేవారిలో ఎక్కువమంది పేదవారు కావడంతో దీన్ని అడిగేవారూ లేరు.

ధ్రువపత్రం సంగతి కూడా తేల్చాలి. ఆ చట్టం వచ్చిన నాడు దమ్ముకు దున్నపోతులను కట్టేవాళ్లం, కాబట్టి ‘సేద్యానికి పనికిరాదు’ అన్న మాటకు ఒక అర్థం ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక పుట్టిన దున్నపోతు కాడి మొహమే చూడలేదు. మాంసానికని చెప్పి, చట్టబద్ధంగా పెంచి, ఎదిగాక అమ్ముకునే దున్నపోతుకు ఏ వయసులో, ఏ పరీక్షతో పత్రం ఇస్తారో పశుసంవర్ధక శాఖ స్పష్టంగా రాసి ప్రతి సంతలోనూ అంటించాలి. ఆ స్పష్టత లేనందువల్లే దారిలో ఆపిన ప్రతివాడికీ ముడుపు చెల్లించుకుంటూ, ఆ భారాన్ని వ్యాపారి మళ్లీ రైతు ధరలోంచే కోస్తున్నాడు.

కాటా వచ్చేదాకా రైతులు ఒక టేపు దగ్గర పెట్టుకోవచ్చు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం నుంచి తుంటి ఎముక చివరిదాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగిస్తే పశువు బరువు కిలోల్లో ఇంచుమించుగా వస్తుంది. నా దున్నపోతుకు 66 అంగుళాల చుట్టు, 50 అంగుళాల పొడవు ఉండగా లెక్క 330 వచ్చింది, వేబ్రిడ్జి కంటే 10 కిలోలే తక్కువ. దళారి కన్ను 90 కిలోలు తప్పింది. ఇప్పుడు మా పాకలో ఐదు నెలల దున్నదూడ ఒకటి ఉంది. ప్రతి నెలా దాన్ని టేపుతో కొలిచి గోడ మీద బొగ్గుతో రాసి పెడుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
పాలకొల్లు ప్రాంతం, పశ్చిమగోదావరి జిల్లా.