జీఆర్ఈ మళ్లీ రాసే ముందు వేసుకోవలసిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చాయంటే నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్డు దాకా కరెంటు స్తంభాలకు ఒకే రకం ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. అమెరికా వంటి దేశాల్లో పైచదువులకు రాసే ప్రవేశ పరీక్ష జీఆర్ఈలో తక్కువ వచ్చినవారు తమ దగ్గర చేరి మళ్లీ రాస్తే పది పాయింట్లు పెరగడం ఖాయమని, పెరగకపోతే ఫీజు వాపసు చేస్తామని వాటి సారాంశం. ఇలాంటి ప్రకటనలే మీ పత్రిక జిల్లా అనుబంధంలోనూ చూస్తున్నాను కనుక, వాటిని చదివి ఆందోళన పడే విద్యార్థుల కోసం, వారికి డబ్బు సర్దవలసిన తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

మా తమ్ముడు పరకాల దగ్గరి పల్లెలో మిర్చి, పత్తి పండిస్తాడు. అతని కూతురు కంప్యూటర్ సైన్సులో బీటెక్ పూర్తి చేసి, వచ్చే ఏడాది అమెరికాలో ఎంఎస్‌లో చేరాలన్న ఉద్దేశంతో సెప్టెంబరు రెండో వారంలో జీఆర్ఈ రాసింది. గణితంలో 158, ఇంగ్లిష్ భాషా విభాగమైన వెర్బల్‌లో 149, మొత్తం 307 వచ్చింది. ఆ రాత్రే ఫోన్ చేసి, "పెద్దబాపు, మల్ల రాయాల్నా? అందరు రాయమనే అంటున్నరు" అని అడిగింది. ఆ అందరూ ఎవరని ఆరా తీస్తే శిక్షణ ఇచ్చిన సంస్థ, దరఖాస్తులు పెట్టించే కన్సల్టెన్సీ, 320 తెచ్చుకున్న హాస్టల్ స్నేహితురాలు అని తేలింది. మొదటి ఇద్దరికీ ఆమె మళ్లీ రాయడంలో ఆదాయం ఉంది. మూడో అమ్మాయి దరఖాస్తు పెట్టేది వేరే విశ్వవిద్యాలయాలకు. ఫోన్ పక్కనే ఉన్న మా తమ్ముడు మాత్రం ఏమీ అనలేదు. ఒక్కసారి పరీక్ష ఫీజే ఇరవై వేలు దాటుతుంది, ధర లేని ఏడాది ఎనుమాముల మార్కెట్లో రెండు క్వింటాళ్ల మిర్చి తూకం వేయించుకుంటే గానీ ఆ సొమ్ము చేతికి రాదు.

ముందుగా ఆ పది పాయింట్ల సంగతి. జీఆర్ఈలో గణితం, వెర్బల్ ఒక్కొక్కటీ 130 నుంచి 170 దాకా ఒక్కో పాయింటు చొప్పున లెక్కిస్తారు. గణితంలో 165 వచ్చిన పిల్లవాడికి అందులో పది పాయింట్లు ఎక్కడి నుంచి తెచ్చి పెడతారో ఆ ఫ్లెక్సీ రాయించినవారే చెప్పాలి. అసలు విషయం ఏమిటంటే, ఒకే విద్యార్థి కొత్తగా ఏమీ చదవకుండా మూడు వారాల తేడాతో రెండుసార్లు రాసినా రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి, కొలతలో ఉండే సహజమైన ఊగిసలాట అది. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ కూడా ఈ స్కోరునే ఏకైక గీటురాయిగా పెట్టుకొని గీత గీయవద్దని విశ్వవిద్యాలయాలకు చెబుతుంది. అలాంటప్పుడు 308ని 310 చేసుకోవడానికి మళ్లీ రాయడమంటే బొమ్మో బొరుసో వేసుకోవడమే. దానికి ఇరవై వేలు పెట్టుబడి పెట్టమని నేను ఏ తండ్రికీ చెప్పను.

స్కోరు విలువ తెలియాలంటే మొత్తాన్ని కాక విడివిడిగా చూడాలి. వెర్బల్‌లో 160 వస్తే పరీక్ష రాసిన నూరు మందిలో ఎనభై మందికి పైగా వెనక ఉన్నట్టు. అదే 160 గణితంలో వస్తే దాదాపు సగం మంది దగ్గరే ఆగినట్టు. గణితంలో పూర్తిగా 170 తెచ్చుకున్నవారు కూడా పర్సంటైల్‌లో, అంటే నూరు మందిలో ఎంతమందిని దాటారన్న లెక్కలో, తొంభై చిల్లరే చూస్తారు, ఎందుకంటే ఆ గట్టు ఎక్కినవారు ప్రపంచమంతటా అంత మంది ఉన్నారు. కంప్యూటర్ సైన్సు, డేటా సైన్సు వంటి విభాగాలు మొదట గణితం వైపే చూస్తాయి కనుక, మా అమ్మాయి ఆలోచించవలసింది 307 గురించి కాదు, 158 గురించి.

నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో రాసుకున్న నమూనా పరీక్షల్లో ఎంత వచ్చిందని. శిక్షణ కేంద్రం పెట్టిన పరీక్షలు నాకు అక్కర్లేదన్నాను. మొదటి పరీక్ష కష్టంగా, చివరిది తేలికగా ఇచ్చి, చూశారా ఎంత పెరిగిందో అని చూపించడం ఎంత సులువో నలభై ప్రశ్నపత్రాలు తయారు చేసిన ఎవరికైనా తెలుసు. ఈటీఎస్ వారే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి నమూనా పరీక్షలను ఉచితంగా ఇస్తారు. ఆమె వాటిని గడియారం పెట్టుకొని రాసింది, గణితంలో 163, 164 వచ్చాయి. ఇంట్లో కూడా 158 దగ్గరే ఉండి ఉంటే అదే ఆమె నిజమైన మట్టం, ఆరు నుంచి ఎనిమిది వారాలు కూర్చుని చదవకుండా ఇంకో తేదీ కొనుక్కుంటే మారేదేమీ లేదు. ఇంటి మార్కుకు, అసలు మార్కుకు మధ్య ఐదారు పాయింట్ల తేడా ఉంది కాబట్టి ఆ రోజు ఏదో జరిగిందని అర్థం. ఏం జరిగిందో తేల్చిన తర్వాతే మళ్లీ రాయడమా మానడమా అని అనుకున్నాం.

జరిగింది ఇది. 2023 సెప్టెంబరులో జీఆర్ఈని కుదించారు. మూడు గంటల నలభై ఐదు నిమిషాల పరీక్ష ఇప్పుడు గంటా 58 నిమిషాలు. గణితంలో 27 ప్రశ్నలు, మొదటి విభాగంలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. కానీ మా అమ్మాయి మొదట జేఈఈకి, ఆ తర్వాత గేట్‌కు చదివిన పిల్ల. రెంటిలోనూ తప్పుకు కోత ఉంటుంది కనుక తెలియని ప్రశ్నను వదిలేయడం ఆమెకు చేతికంటిన అలవాటు. మొదటి విభాగంలో మూడు ప్రశ్నలను ఖాళీగా వదిలేసింది. ఈ పరీక్షలో మొదటి విభాగం ఎలా రాశామన్నదాన్ని బట్టే రెండో విభాగం కష్టంగానో తేలికగానో వస్తుంది. రెండోది తేలికగా వచ్చిందని ఆమె లోపల సంబరపడిందట. రెండోది తేలికగా వచ్చినవారి స్కోరు ఒక హద్దు దాటదని పాపం తెలియదు. పోనీ తెలియని మూడింటికీ ఏదో ఒక జవాబు గుర్తించి ఉంటే ఒకటైనా తగిలేదేమో! శిక్షణ రుసుము వేలల్లో తీసుకున్న సంస్థ ఈ ఒక్క ముక్క నొక్కి చెప్పకపోవడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

రెండో కారణం ప్రయాణం. పరీక్ష కేంద్రం హైదరాబాద్‌లో. హోటల్ ఖర్చు ఎందుకని తెల్లవారుజామున పరకాల నుంచి బయలుదేరి, కాజీపేటలో జనరల్ బోగీ ఎక్కి, సికింద్రాబాద్ దాకా నిలబడి వెళ్లింది. ఇంటి నుంచే రాసే వెసులుబాటు ఉంది, నిజమే. కానీ గదిలో ఒంటరిగా కూర్చోవాలి, కెమెరా నిరంతరం చూస్తుండాలి, కాగితం వాడకూడదు, నెట్ ఆగకూడదు. మా పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో, పక్కింటి మేక ఎప్పుడు లోపలికి వస్తుందో చెప్పలేం.

ఇక అవసరం సంగతి. కోవిడ్ తర్వాత అమెరికాలో చాలా విభాగాలు జీఆర్ఈని తప్పనిసరి జాబితా నుంచి తీసేశాయి. కొన్ని మళ్లీ అడుగుతున్నాయి, కొన్ని పంపినా చూడమంటున్నాయి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం అడిగి, పక్క విభాగం అడగకపోవడమూ ఉంది. మా అమ్మాయి ఎనిమిది విభాగాలు ఎంచుకుంది. కన్సల్టెన్సీ ఇచ్చిన పట్టికను పక్కన పెట్టి ఒక్కో విభాగం ప్రవేశ నిబంధనలను మేమిద్దరం చదివితే, నాలుగింటికి స్కోరు అక్కర్లేదని, ఒకటి ఇష్టముంటే పంపమంటుందని, మూడు మాత్రమే తప్పనిసరి అంటున్నాయని తెలిసింది. ఆ మూడింటిలో రెండు ఆమెకు అన్నింటికన్నా ఇష్టమైనవి కావడంతో లెక్క మళ్లీ రాయడం వైపు మొగ్గింది. లేకపోతే అక్కడితోనే ఆపేసేవాళ్లం.

ఆమె ఇంకో భయం కూడా చెప్పింది, రెండోసారి ఇంకా తగ్గితే పరువు పోదా అని. ఏ తేదీ స్కోరు పంపాలో ఎంచుకునే వీలు విద్యార్థికే ఉంది. తగ్గినది పంపనక్కర్లేదు. మొదటి స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. రెండు పరీక్షల మధ్య 21 రోజులు ఉండాలి, ఏ పన్నెండు నెలల్లోనైనా ఐదుసార్లకు మించి రాయకూడదు, రద్దు చేసుకున్న స్కోరు కూడా ఆ ఐదింటిలో లెక్కకు వస్తుంది. అధికారిక స్కోరు రావడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. కనుక గడువు డిసెంబరు మొదట్లోనే ముగిసే విభాగాలకు నవంబరు చివర్లో రాసే పరీక్ష వల్ల ఒరిగేదేమీ ఉండదు.

మా పాత సహోద్యోగి కొడుకుది వేరే కథ. గణితంలో 164, వెర్బల్‌లో 150, నమూనా పరీక్షల్లోనూ అంతే. అతనినీ రాయమని ఒత్తిడి చేశారు. వద్దన్నాను. అతని ఉద్దేశ పత్రం, అంటే పిల్లలు ఎస్‌ఓపీ అనేది, కన్సల్టెన్సీవారు రాసిచ్చింది, అందులో ఊరు పేరు తీసేస్తే ఎవరిదైనా కావచ్చు. చివరి ఏడాది ప్రాజెక్టుగా పత్తి ఆకు తెగులును ఫోటో ద్వారా గుర్తించే పని చేసిన పిల్లవాడు తన పత్రంలో ఆ మాటే ఎత్తలేదు! సిఫారసు లేఖలు ఇవ్వవలసిన ముగ్గురిలో ఇద్దరు అధ్యాపకులను అప్పటికి కలవనే లేదు. అక్టోబరు నెల ఆ పనికి పెట్టమన్నాను. పెడుతున్నాడు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఇన్ని పాయింట్లు ఖాయమనే ప్రకటన వేసేటప్పుడు, ఏ పరీక్షతో పోల్చి పెరిగాయంటారో, వాపసు షరతులేమిటో అదే ప్రకటనలో కనిపించే అక్షరాల్లో ఉండాలని పట్టుబట్టండి. ఈ సీజనులోనే మీ విద్యా పేజీలో తప్పు జవాబుకు కోత లేదన్న సంగతి, 21 రోజుల నిబంధన, ఉచిత నమూనా పరీక్షల వివరం ఒక చిన్న పెట్టెలో వేసినా, గేట్ అలవాటుతో ఖాళీలు వదిలే పిల్లలు మరికొందరు ఆగుతారు.

మా అమ్మాయికి అక్టోబరు చివరి వారంలో మధ్యాహ్నం స్లాటు దొరికింది. ముందు రోజే ఉప్పల్‌లోని మేనమామ ఇంటికి చేరుతుంది. అప్పటిదాకా రోజుకొక విభాగం, 21 నిమిషాలు, పన్నెండు ప్రశ్నలు, ఒక్కటీ ఖాళీ వదలకుండా రాసి నాకు వాట్సాప్‌లో ఫోటో పంపుతోంది. నిన్నటి దానిలో రెండు తప్పులు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపన్యాసకుడు,
హనుమకొండ