ధాన్యం తడవకుండా కాపాడిన మేస్త్రి గారికి

తుఫాను వస్తుందన్నారు. కంకిపాడు దగ్గర మా కళ్లంలో ధాన్యం బస్తాలు అలాగే ఉన్నాయి. కిరాయికి ఒక్క బండీ దొరకలేదు. మిగిలింది నాన్న పోయాక షెడ్డులోనే ఉండిపోయిన పాత లారీ. ట్రాక్టర్ బ్యాటరీ కలిపితే ఇంజన్ స్టార్టయింది గానీ గేర్ పడలేదు. అడిగిన వాళ్లంతా గేర్‌బాక్స్ దింపాల్సిందే, రెండు రోజులు పడుతుందన్నారు. టెన్షన్‌తో అమ్మకు అన్నం సయించలేదు.

ఎవరో చెప్తే విని, విజయవాడ ఆటోనగర్ నుంచి మీరు చీకటి పడ్డాక బైకు మీద వచ్చారు. "తేమకి క్లచ్ ప్లేటు ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్ చక్రానికి పట్టేసిందమ్మా, విరిగిందేమీ లేదు" అని ముందు అమ్మకు ధైర్యం చెప్పారు. ఆ మాటతోనే సగం ప్రాణం లేచొచ్చింది. ముందు చక్రాలకు రాళ్లు పెట్టించి, వెనక ఇరుసు జాకీల మీద లేపి, గేర్‌లోనే స్టార్ట్ చేశారు. క్లచ్ తొక్కినా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. బ్రేకులకు గాలి ప్రెషర్ నిండాక, క్లచ్ అలాగే తొక్కి పట్టి, ఒక్కసారిగా బ్రేకు కొట్టారు. మూడోసారికి టప్‌మని ప్లేటు విడిపోయింది. చక్రాలు ఆగాయి, ఇంజన్ ఆగలేదు. అమ్మ రెండు చేతులూ జోడించింది.

అక్కడితో వెళ్లిపోవచ్చు మీరు. దారిలో మళ్లీ పట్టేస్తే ఇబ్బందని, బస్తాలు ఎక్కించేదాకా ఉండి, మిల్లు దాకా లారీ వెనకాలే బైకు మీద వచ్చారు. డబ్బులిస్తే పెట్రోలుకి మాత్రం తీసుకున్నారు. బస్తాలన్నీ దించాక వాన మొదలైంది. మీ మేలు మరువం అన్నా. మా ఇంటికి భోజనానికి రావాలని అమ్మ మరీ మరీ చెప్పమంది.