ఎర్ర మూత, నారింజ మూత

లీడ్స్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని రాయడానికి ఈసారి నీకు చెయ్యి రాదని నాకు తెలుసు. ఫోనులో చెబితే నాన్నగారు "సరే సరే" అంటూ టీవీ వైపు తిరిగిపోతారు, నువ్వేమో ఏడుస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆయన కాఫీ తాగేటప్పుడు దీన్ని పైకి చదివి వినిపించు.

గురువారం రాత్రి రెండు గంటలకు ఆయన బనియను తడిసిపోయేలా చెమటలు పట్టి, మాట తడబడితే, ఉక్కపోత అనుకొని నువ్వు విసనకర్ర అందుకున్నావట. అది ఉక్కపోత కాదు, ఇన్సులిన్ ఎక్కువై షుగరు పడిపోయింది. తప్పు నీది కాదు. తమ్ముడు పంపిన ఫొటోలో సీసా మీద 100 అని ఉంది. పక్కనున్న సిరంజి మూత ఎర్రగా ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40 సీసాకు, నారింజ మూతది 100 సీసాకు. ఎప్పుడూ తెచ్చే సీసా లేదని షాపతను వేరేది ఇచ్చాడే గాని, ఇంట్లో ఏ సిరంజి ఉందని అడగలేదు. నాన్నగారు అలవాటు ప్రకారం 12 గీత వరకు లాగారు. సీసా 100ది కాబట్టి ఒంట్లోకి వెళ్లినది 12 కాదు, 30 యూనిట్లు. తమ్ముడి చేత ఆ రోజే సీసా మార్పించాను గాని, ఎందుకు మార్పించానో నీకు తెలియాలి.

చెన్నైలో చదివేటప్పుడు ఈ తేడాను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడి వార్డులో 40 రకం కంటికి కనబడదు కాబట్టి మీకు ముందే చెప్పాలని తట్టలేదు. అది సాకేనని మేనత్త అంటుంది. అననీ.

నువ్వు పెట్టిన బిస్కెట్లు త్వరగా పనిచేయవు. మీటరులో షుగరు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ వేలు గుచ్చి చూడాలి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి, పెరిగాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకుండా 108కి ఫోను చేయండి.

నా పని మామూలే, పన్నెండు గంటల డ్యూటీలు. ఒకాయనకు షుగరు 10 ఉందని నేనంటే, "పది ఉంటే మనిషి బతుకుతాడటే?" అని నువ్వు కంగారుపడ్డావు, గుర్తుందా? ఇక్కడి లెక్కను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది, అంటే అది 180. ఆ సంగతి తలుచుకొని మొన్న డ్యూటీలో ఒంటరిగా నవ్వుకున్నాను.

నాన్నగారు శుక్రవారం గుడికి చెప్పులు లేకుండా వెళ్తున్నారని తమ్ముడు చెప్పాడు. ఎండకు కాగిన రాతి మీద నడిచినా చురుక్కుమనలేదని ఆయన గొప్పగా చెబుతారు. చురుక్కుమనకపోవడమే జబ్బు, అమ్మా. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గిందన్నమాట. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు నువ్వే దీపం వెలుగులో చూడు. మడమకు కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ల సందుల్లో వద్దు. వేణ్నీళ్లలో కాళ్లు పెట్టనివ్వకు. ఎంత వేడో ఆయనకు తెలియదు. చెన్నైలో మన పెరంబూరు నుంచి రాయపురం ఎంత దూరం? షుగరు వైద్యానికే పేరుపడ్డ ఎం.వి. ఆసుపత్రి అక్కడే ఉంది కదా, పాదాల స్పర్శ పరీక్షకు తీసుకెళ్లమను. నైలాను దారంతో అరికాలు తాకి చూస్తారు, నొప్పి ఉండదు. నేను రోజూ ఎవరెవరి తండ్రుల పాదాలో పట్టుకొని ఇదే చేస్తున్నాను.

సూది రోజూ ఒకే చోట గుచ్చితే పొట్ట మీద గడ్డ కట్టి మందు సరిగా ఒంటబట్టదు. బొడ్డుకు దూరంగా, పూటకో చోటు మార్చమను.

మాగాయ ఇప్పుడు పంపవద్దు. సీసా మార్చినప్పుడల్లా దాన్నీ సిరంజినీ పక్కపక్కన పెట్టి ఫొటో పంపమని తమ్ముడికి చెప్పు. నైట్ డ్యూటీలో ఉన్నా చూస్తాను.

నీ పెద్దమ్మాయి