పక్షవాతం, వైరస్ జ్వరాల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి చేయాలి

సంపాదకుడికి,

పక్షవాతం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు మొదటి నాలుగున్నర గంటల దగ్గరే ఆగిపోతాయి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఆలోపే ఇవ్వాలి కాబట్టి ఆ ప్రచారం అవసరమే, ఇంకా జరగాలి కూడా. కానీ రోగి ఇంటికొచ్చాక మెదడులో ఏం జరుగుతుందో రాసేవాళ్లు తక్కువ. డిశ్చార్జి కాగితంలో చేయి ఎంత లేస్తోంది, నడక ఎలా ఉంది, మింగుడు పడుతోందా, బీపీ మాత్రలేమిటి అన్నీ ఉంటాయి. జ్ఞాపకశక్తి గురించీ, ఆలోచనా వేగం గురించీ చాలాచోట్ల ఒక్క వాక్యం ఉండదు. తీవ్రమైన వైరస్ జ్వరం నుంచి బయటపడినవాళ్ల కాగితంలోనూ అంతే. ఆ వాక్యాన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మెదడుకు సొంత రక్షణ కణాలున్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా వీటిని మిగతా కణాల నుంచి వేరుచేసి చూపించాడు. మెదడు కణాల్లో ఇవి సుమారు పదో వంతు. రక్తంలోని తెల్లకణాల్లాగా ఎముక మజ్జలో పుట్టి వచ్చేవి కావివి. పిండం తొలి దశలోనే మెదడులోకి చేరి, అక్కడే విభజన చెందుతూ జీవితాంతం ఉండిపోతాయి. ఏ జబ్బూ లేనప్పుడు కూడా వాటి సన్నని కొమ్మలు చుట్టుపక్కల తడుముతూనే ఉంటాయని 2005లో బతికున్న ఎలుకల మెదడును సూక్ష్మదర్శినితో చూసినప్పుడు తేలింది.

పక్షవాతం వచ్చిన వెంటనే ఇవి చేసేది మేలే. చచ్చిన కణాల శిథిలాలను మింగి శుభ్రం చేస్తాయి. ముందుగానే మైక్రోగ్లియాను తొలగించిన ఎలుకల్లో పక్షవాతపు గాయం ఇంకా పెద్దదైంది. చిక్కు తర్వాత వస్తుంది. రక్తంలోని పదార్థాలు మెదడులోకి రాకుండా రక్తనాళాల గోడ అడ్డుకుంటుంది. ఆ గోడ దెబ్బతింటే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ లోపలికి కారి, ఫైబ్రిన్‌గా మారి పేరుకుంటుంది. మైక్రోగ్లియా దానికి అతుక్కుని రెచ్చిపోతాయి, విషపూరితమైన ఆక్సిజన్ అణువులను వదులుతాయి, పక్కనున్న నాడీకణాల అనుసంధానాలను, అంటే సైనాప్సులను, కొరికేస్తాయి. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేనివాళ్ల సన్నని రక్తనాళాల్లోనూ ఇలాంటి కారుడే కనిపిస్తుంది. ఒక్కసారి కూడా పక్షవాతం రాకపోయినా కొందరికి ఆలోచన మందగించడానికి ఇదొక దారి.

వైరస్ విషయంలో రుజువు మరింత స్పష్టంగా ఉంది. వెస్ట్ నైల్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చి కోలుకున్న ఎలుకల మీద 2016లో వెలువడిన పరిశోధన చూడండి. నాడీకణాలు బతికే ఉన్నాయి, సైనాప్సులు మాత్రం పోయాయి, దారి గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు సైనాప్సుల మీద గుర్తు పెడతాయి, ఆ గుర్తున్నవాటిని మైక్రోగ్లియా మింగుతాయి. ఆ ప్రోటీన్లలో సీ3 అనేది లేని ఎలుకల్లో సైనాప్సులు నిలిచాయి. 2022లో వచ్చిన మరో పరిశోధనలో కోవిడ్ వైరస్‌ను ఎలుకల ఊపిరితిత్తుల వరకే పరిమితం చేశారు, అదీ స్వల్పంగా. మెదడులో వైరస్ జాడ లేదు. అయినా ఏడు వారాల తర్వాత కూడా మెదడు తెల్ల పదార్థంలో, అంటే మెదడు భాగాలను కలిపే తీగల్లో, మైక్రోగ్లియా రెచ్చిపోయే ఉన్నాయి, జ్ఞాపకాలను నమోదుచేసే హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక తగ్గింది.

ఎలుకల సంగతి మనుషులకు ఉన్నదున్నట్టు వర్తించదు. అయితే మనుషుల లెక్కలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 785 మందికి కోవిడ్‌కు ముందు తీసిన స్కాన్‌లను తర్వాతి స్కాన్‌లతో పోల్చారు. జబ్బు సోకిన 401 మందిలో, ఎక్కువమందికి స్వల్పంగానే వచ్చినా, వాసనకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలు సోకనివారి కంటే కాస్త ఎక్కువగా పలచబడ్డాయి. 2024లో ఇంగ్లండ్‌లో లక్షా 12 వేలకు పైగా మందికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. కోవిడ్ నుంచి పూర్తిగా కోలుకున్నవాళ్లకు ఐక్యూ లెక్కలో సుమారు 3 పాయింట్లు, లక్షణాలు కొనసాగుతున్నవాళ్లకు 6, ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లకు 9 పాయింట్లు కోవిడ్ సోకనివాళ్ల కంటే తక్కువ వచ్చాయి. మూడు పాయింట్లు ఒక మనిషికి తెలియకపోవచ్చు. తొమ్మిది పాయింట్లు ఉద్యోగంలో తెలుస్తాయి.

పక్షవాతంలో ఇంకా ఎక్కువ. మొదటిసారి వచ్చినవారిలో దాదాపు పదిమందికి ఒకరికి కొద్దికాలంలోనే కొత్తగా డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు, వస్తోంది. రెండోసారి వస్తే ముగ్గురిలో ఒకరికి పైగా. రెండోదాన్ని ఆపడమే మెదడును కాపాడటం అని ఇంతకంటే సూటిగా చెప్పే అంకె నాకు తెలియదు.

ఇక పరీక్ష సంగతి. మోకా అనే పరీక్షకు పట్టేది పది నిమిషాలు, మొత్తం 30 మార్కులు, 26 లేదా ఆపైన వస్తే మామూలుగా ఉన్నట్టు లెక్క. చదువు 12 ఏళ్లు లేదా అంతకంటే తక్కువైతే ఒక మార్కు కలుపుతారు. అందులో గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. పెద్ద ముల్లు 2 మీదకు రావాలి. చాలామంది దాన్ని 10 మీద పెడతారు. ‘పది’ అన్న మాట వినగానే చేయి 10 వైపు లాగుతుంది. ఆ లాగుడును ఆపి, పది నిమిషాలంటే 2 అని మార్చుకోవడం నుదుటి వెనకున్న మెదడు పని. అక్కడికి వెళ్లే తెల్ల పదార్థపు తీగలే సన్నని రక్తనాళాల జబ్బులో ముందు దెబ్బతింటాయి. ఈ రోజు తేదీ ఏమిటి, ఇది ఏ ఊరు అని మాత్రమే అడిగితే అలాంటి మనిషి అన్నిటికీ సరిగ్గా చెప్పి పాసైపోతాడు. ‘బాగానే మాట్లాడుతున్నారు కదా’ అని ఇంటికి పంపేస్తారు.

పరీక్ష ఎప్పుడు, ఎలా పెట్టాలన్నది కూడా ముఖ్యం. జ్వరంలో, మత్తులో, మతి చెదిరి ఉన్నప్పుడు పెడితే ఆ మార్కులకు విలువ లేదు. డిశ్చార్జికి ముందు ఒకసారి, మూడు నెలలకు మరోసారి పెట్టాలి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. మాట పడిపోయినవాళ్లకు మోకా సరిపోదు. పక్షవాతం కోసమే తయారైన ఆక్స్‌ఫర్డ్ పరీక్ష ఉంది, అది వాడాలి. అక్షరాలు రానివాళ్లకు వేరే నమూనా కావాలి.

మార్కులు తగ్గినంత మాత్రాన మైక్రోగ్లియా మీదో వయసు మీదో నెట్టేయకూడదు. బి12, థైరాయిడ్, సోడియం చూడాలి. కుంగుబాటు ఉందేమో అడగాలి. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగుతోందా అని పక్కన పడుకునేవాళ్లను అడగాలి. వేసుకుంటున్న మందులన్నీ బల్ల మీద పెట్టించి చూడాలి. నొప్పికీ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ పెద్దవయసువాళ్లలో జ్ఞాపకశక్తిని నేరుగా దెబ్బతీస్తాయి. ఇవన్నీ సరిదిద్దగలిగినవి. పరీక్ష పెట్టాలని పట్టుబట్టడానికి నాకు ఇదే పెద్ద కారణం.

మెదడు వాపును తగ్గిస్తామంటూ అమ్మే పొడులు, టానిక్‌ల ప్రకటనలు వేసుకోవద్దని పత్రికలకు నా మనవి. మైక్రోగ్లియాను శాంతింపజేస్తుందని ఎలుకల్లో ఆశ కలిగించిన మినోసైక్లిన్‌ను తొలిదశ అల్జీమర్స్ రోగులకు రెండేళ్లిచ్చి చూస్తే ఏ ప్రయోజనమూ కనబడలేదు. మైక్రోగ్లియాను పూర్తిగా తీసేసిన ఎలుకలు మెదడువాపు వైరస్‌లకు మరింత ఎక్కువగా చనిపోయాయి. ఈ కణాలను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదిలేయాలో నిర్ణయించే మాత్ర ఈ రోజుకు లేదు.

ఉన్న ఉపాయాలు పాతవే, పనిచేసేవి. బీపీ మొదటిది. పై అంకెను 120కి లోపు ఉంచితే, 140 లోపు ఉంచినదానికంటే, తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గిందని 2019లో అమెరికా పరిశోధన చూపించింది. అందులో షుగర్ ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను చేర్చలేదు కాబట్టి 120ని ఎవరికి వారు లక్ష్యంగా పెట్టుకోకూడదు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి 130/80 లోపు అనేది ఇప్పటి సూచన. ఇంట్లో చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పట్టీ చేతికి చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గుండె లయ తప్పేవాళ్లు రక్తం పలచబడే మందును సొంతంగా మానకూడదు.

వైరస్‌ల వైపు చూస్తే, జ్వరంతోపాటు మాట తడబడినా, ప్రవర్తన ఉన్నట్టుండి మారినా, ఫిట్స్ వచ్చినా హెర్పిస్ మెదడువాపును అనుమానించి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఎసైక్లోవిర్ సెలైన్‌తో మొదలుపెట్టాలి. ఆలస్యమైన ప్రతి రోజూ జ్ఞాపకాల భాగాన్ని తినేస్తుంది. సర్పి (షింగిల్స్) టీకా వేసుకునే అర్హత పుట్టినతేదీతో నిర్ణయమైన వేల్స్‌లో, ఆ టీకా వేసుకున్నవాళ్లలో ఏడేళ్లలో డిమెన్షియా సుమారు ఐదో వంతు తగ్గినట్టు 2025లో ప్రచురితమైంది. టీకాల గురించి రాసేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

ఆరోగ్య శాఖలు డిశ్చార్జి నమూనాలో మూడు గళ్లు చేర్చితే చాలు: పరీక్ష పేరు, వచ్చిన మార్కులు, మూడు నెలల తర్వాత రావాల్సిన తేదీ. ఆ తేదీకి వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లు కొన్ని సంగతులు రాసుకు రావాలి. మాత్రలు ఎన్నిసార్లు మరిచారు, చిల్లర లెక్కలో తడబడ్డారా, ఒకేసారి ఇద్దరు మాట్లాడితే అయోమయపడుతున్నారా, తెలిసిన దారిలో తప్పిపోయారా. బండి మళ్లీ నడపడం, ఆస్తి కాగితాల మీద సంతకాలు ఆ పరీక్ష అయ్యేదాకా వాయిదా వేయాలి.

భవదీయ,
ఒక నాడీవైద్యురాలు