ఎన్ని కాలువలు దొరికాయో కాగితం మీద రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య కింది దవడ పళ్లకు రెండు వేర్లు, వాటి లోపల నరం ఉండే సన్నని గొట్టాల్లాంటి కాలువలు మూడు ఉంటాయని రాశారు. తప్పేం కాదు, చాలామందికి అంతే. నా నోట్లో మాత్రం ఆ లెక్క కుదరక ఏడాదిపాటు తిప్పలు పడ్డాను.

నేను పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయినవాణ్ణి. ఎడమ కింది దవడ పన్నుకు, డాక్టర్లు 36 అని రాస్తారే దానికి, రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్నాను. నెలన్నర బాగానే ఉంది. తర్వాత వేడి నీళ్లు తగిలితే చాలు, జివ్వుమనేది. నరం తీసేసిన పన్నుకు వేడి ఎలా తెలుస్తుంది? మళ్లీ వెళ్తే ఎక్స్‌రే తీసి, 'మూడు కాలువలూ నిండుగా ఉన్నాయి, అనవసరంగా టెన్షన్ పడుతున్నారు' అని పంపేశారు.

చివరికి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి మరో ఫిల్ము తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు బోర్డు మీద గీసి చూపించిన పాఠమే అది! ఒకదాని వెనక ఇంకొకటి నిలబడితే ఎదుటి నుంచి గీసిన బొమ్మలో రెండూ ఒకటే అవుతాయి. వెనక వేరు చాటున, నాలుక వైపు, సన్నగా వంకర తిరిగిన మూడో వేరు ఉంది. దాని పేరు రాడిక్స్ ఎంటోమోలారిస్ అట. కారబెల్లి అనే దంతవైద్యుడు 1844లోనే దాని గురించి రాశాడట.

క్యాప్ తీసి, రబ్బరు షీటు కట్టి, మైక్రోస్కోపు కింద చూశారు. మొదట తవ్విన గుంత త్రికోణంగా ఉంది. దాన్ని నాలుక వైపు పెంచి నాలుగు మూలలు చేసేసరికి, పన్ను అడుగున ముదురు రంగు గీత ఒకటి ఆ మూలకే వెళ్లి ఆగింది. అక్కడ పది నంబరు ఫైలు, అంటే కాలువ శుభ్రం చేసే సూదిలాంటి పనిముట్టు, పెట్టారు. దాని మొన మిల్లీమీటరులో పదోవంతు. మత్తు ఇచ్చినా చురుక్కుమంది. బయటికి తీస్తే మొనకు రక్తం. అంటే లోపల నరం ఇంకా బతికే ఉంది.

మొదటి డాక్టరు మీద నాకు కోపం లేదనను, కొంచెం ఉంది. ఎక్స్‌రేలో వేరు దాక్కోవడం ఆయన తప్పు కాదు. కానీ నా కాగితం మీద '36 ఆర్‌సీటీ అయింది' అని, అంటే రూట్ కెనాల్ అయిందని, తప్ప ఒక్క అక్షరం లేదు. ఎన్ని కాలువలు దొరికాయి, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్ల పొడవు అన్నది పని చేసేటప్పుడు కొలిచే లెక్కలే కదా, పేషెంటు కాగితం మీద రాయడానికి ఎంతసేపు? అవి ఉంటే రెండో డాక్టరు అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు.

మీరు మరోసారి రాసేటప్పుడు ఈ మాట చేర్చండి. పై దవడలో మొదటి పెద్ద పన్నుకు బుగ్గ వైపు ముందు వేరులో రెండో కాలువ ఉండటం మామూలే. కింది రెండో దవడ పన్నులో కాలువలన్నీ కలిసిపోయి సి అక్షరంలా ఉండటమూ ఉంది. అలాగని అందరికీ త్రీడీ స్కాన్ అక్కర్లేదు, మామూలు ఫిల్ములతో తేలనప్పుడే అది అవసరమని ఆ డాక్టరమ్మే చెప్పారు.

కుడి వైపు పన్నూ ఇలాగే ఉండొచ్చని ఫిల్ము తీశారు. ఉంది. ఇంకా పుచ్చలేదు. '46: నాలుక వైపు మూడో వేరు ఉంది' అని చీటీ రాయించుకుని కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ లెక్చరర్