గాలి సంగతి నేర్పాకే బోర్డు చేతికివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లా తీరంలో వాటర్ స్పోర్ట్స్ పెడితే పర్యాటకులు వస్తారని, కుర్రాళ్లకు పని దొరుకుతుందని చాలామంది అంటున్నారు. నేనూ కోరుకునేది అదే. అయితే ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలనే విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వింగ్‌ఫాయిల్ అనే నీటి ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాక ఏర్పడిన అభిప్రాయమది.

నేను తిరుపతిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. నలభై దాటాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చేదాకా చిత్తూరు జిల్లావాళ్లకు సొంత సముద్రమంటూ లేదు. సూళ్లూరుపేట, వాకాడు వైపు తీరం అప్పుడే తిరుపతి జిల్లాలో కలిసింది. తీరమైతే వచ్చింది గానీ, నా దగ్గర ఆటలు నేర్చుకునే పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు చాలా తక్కువ. నా దిగులంతా అక్కడే.

వింగ్‌ఫాయిల్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. గాలి నింపిన పెద్ద రెక్కను రెండు చేతులతో పట్టుకుంటాం. అదే వింగ్. కాళ్ల కింద బోర్డు. బోర్డు అడుగున ముప్పావు మీటరు పొడవున ఒక కడ్డీ, దాని చివర విమానానికి ఉన్నట్టు ముందొక రెక్క, వెనక చిన్నదొకటి. ఆ అమరికే ఫాయిల్. చేతిలోని వింగ్ గాలిని పట్టి బోర్డును లాగుతుంది. కొంత వేగం రాగానే నీళ్లలోని రెక్క బోర్డునూ మనిషినీ కలిపి పైకి లేపుతుంది. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ, అందుకే అంత చిన్న రెక్క మనిషి బరువు మోయగలుగుతుంది. ఫాయిల్ ఆటలు ఇప్పుడు ఒలింపిక్స్‌లోనూ ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ ఫాయిల్, విండ్‌సర్ఫింగ్ ఫాయిల్ పోటీలు మార్సెయిల్ తీరంలో జరిగాయి. వింగ్ ఇంకా ఆ జాబితాలో చేరలేదు.

పోయిన వేసవి సెలవుల్లో రామేశ్వరం వెళ్లి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మన ఊరి నుంచి అక్కడికి దర్శనానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. నేను దర్శనమూ చేసుకున్నాను, నీళ్లలోకీ దిగాను. కానీ మొదటి రోజు నీళ్ల దగ్గరికే పోనివ్వలేదు. ఇసుకలో నిలబెట్టి వింగ్ చేతికిచ్చారు.

ఆ ఇసుకలో నేర్చుకున్నదాని గురించి వివరంగా చెప్పాలి. గాలికి వీపు పెట్టి నిలబడి, వింగ్ ముందు హ్యాండిల్ ఒక్కటే పట్టుకుంటే అది జెండాలా గాలివాటున ఊగుతూ ఉంటుంది. చేతికి బరువే తెలియదు. వెనక హ్యాండిల్ మీద రెండో చెయ్యి వేసి కాస్త దగ్గరికి లాగామా, గాలి నిండిపోయి భుజాలు ముందుకు పోతాయి. అప్పుడు ఎవరికైనా టెన్షన్ వస్తుంది. టెన్షన్‌లో ఆ వెనక చేతినే ఇంకా బిగిస్తాం, వింగ్ ఇంకా లాగుతుంది. చేయాల్సింది వెనక చెయ్యి వదిలేయడం. వదిలిన మరుక్షణం దాని జోరు చచ్చిపోతుంది. మా ఇన్‌స్ట్రక్టర్ అక్కడి జాలరి కుటుంబంలో పుట్టిన కుర్రాడు. "అక్కా, భయమేస్తే వెనక చెయ్యి వదిలెయ్" అని తమిళంలో అంటూనే ఉన్నాడు. తిరుపతివాళ్లకు ఆపాటి తమిళం అర్థమవుతుందిగా! నా చెయ్యి దానంతటది వదలడం మొదలుపెట్టేదాకా అతను రెండో పాఠం ఎత్తలేదు. నేనూ పాఠాలు చెప్పేదాన్నే. ఆ ఓపికకు దండం పెట్టాలనిపించింది.

తర్వాత ఫాయిల్ లేని పెద్ద బోర్డు ఇచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని పోవడం, తిప్పుకోవడం, బయల్దేరిన చోటికే తిరిగి రావడం. ఈ తిరిగి రావడం మొదట్లో ఎవరికీ చేతకాదు. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, ఎక్కడో ఒడ్డు చేరి, వింగ్ నెత్తిన పెట్టుకుని నడిచి రావాలి. బోర్డు సైజును దాని ఘనపరిమాణంతో, అంటే లీటర్లలో చెబుతారు. అది ఎంత ఉండాలో అక్కడ ఒక లెక్క చెప్పారు. మనిషి బరువు ఎన్ని కిలోలో చూసి దానికి 30 నుంచి 40 లీటర్లు కలపాలి. 70 కిలోల మనిషికి 100 నుంచి 110 లీటర్ల బోర్డన్నమాట. చిన్న బోర్డు చూడ్డానికి బాగుంటుందని కొనుక్కుంటే నిలబడే లోపే మునుగుతుంది. కొత్త సామాను మొత్తం కొనాలంటే ఖర్చు లక్షల్లోనే. నేర్చుకునే రోజుల్లో కొనొద్దని నా మాట.

ఫాయిల్ బోర్డు మీద అన్నిటికంటే కష్టం చూపు. కళ్లు కాళ్ల వైపు లాగుతుంటాయి. కిందికి చూస్తే మనిషి వంగుతాడు, బరువు అటూ ఇటూ అవుతుంది. దూరంగా ఒడ్డును చూడాలి, ముందు కాలి మీద బరువు వేయాలి. బోర్డు లేచిన మొదటిసారి నాకు బాగా గుర్తున్నది చప్పుడు ఆగిపోవడం. అప్పటిదాకా అలలు బోర్డు అడుగున టపటపా కొడుతున్నాయి. ఒక్కసారిగా ఏమీ లేదు. అరికాళ్ల కింద సన్నటి వణుకు మాత్రమే. ఆనందం పట్టలేక వెనక్కి వాలాను. రెక్క నీటిపైకి వచ్చేసింది, దాంతో ఎత్తే బలం పోయి బోర్డు దబ్బున పడింది. అందరికీ అలాగే అవుతుందట. పడేటప్పుడు బోర్డును కాలితో దూరంగా తన్ని, వెల్లకిలా పరుచుకున్నట్టు పడాలి. ఫాయిల్ అంచులు కోసుకుంటాయి కాబట్టి హెల్మెట్, ఛాతీకి దెబ్బ తగలకుండా కాచే మెత్తటి ఇంపాక్ట్ వెస్ట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు.

ఇంత చెప్పడానికి కారణం ఇంకో చోట చూసిన సంగతి. తమిళనాడు తీరంలోనే ఒకచోట, పొద్దున్నే, డబ్బులు కట్టిన కుర్రాడికి వింగూ బోర్డూ చేతికిచ్చి పంపేశారు. ఇసుకలో పాఠం లేదు, హెల్మెట్ లేదు. ఆ వేళకు గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తోంది. అలాంటి గాలిలో ఒడ్డు పక్కన నీళ్లు నున్నగా, అమాయకంగా కనిపిస్తాయి. లోపలికి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, తిరిగి రావడం ఉండదు. ఆ కుర్రాడు చుక్కంత అయిపోయాడు. వేట ముగించుకుని వస్తున్న పడవవాళ్లు తాడు వేసి లాక్కొచ్చారు. వాళ్లు అటుగా రాకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడ.

మన తీరానికీ ఈ లెక్క వర్తిస్తుంది. మనది తూర్పు ముఖంగా ఉన్న ఒడ్డు. మామూలుగా వేసవిలో పొద్దున నేల గాలి సముద్రంలోకి పోతుంది, ఎండ ముదిరాక సముద్రపు గాలి ఒడ్డుకు మళ్లుతుంది. జూన్ నుంచి నైరుతి కాలంలో పడమటి గాలిదే జోరు, అంటే ఒడ్డు నుంచి లోపలికి తోసే గాలి. అక్టోబరు దాటితే ఈశాన్య వానలు, తుపాన్లు. కొత్తవాళ్లకు పనికొచ్చేది గంటకు 22 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో, నిలకడగా, ఒడ్డుకు పక్కవాటుగా వీచే గాలి. అది ఏ నెలలో, ఏ పూట వస్తుందో జాలర్లకు తెలుసు. ఏ ప్రణాళిక వేసినా మొదట వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి.

పులికాట్ సరస్సులో నీళ్లు కదలకుండా ఉంటాయి కదా, అక్కడ పెడితే పోలా అని ఒకరిద్దరు నాతో అన్నారు. వద్దు. సరస్సు సగటు లోతు ఒక మీటరు. ఫాయిల్ కడ్డీకే దాదాపు అంత కావాలి, బురదలో గుచ్చుకుని మనిషి ఎగిరి ముందుకు పడతాడు. లోతు సంగతి పక్కన పెట్టినా అది పక్షుల అభయారణ్యం. చలికాలంలో ఫ్లెమింగోలు మేత వెతుక్కునేది ఆ లోతు తక్కువ నీళ్లలోనే. నెత్తి మీదుగా పెద్ద రంగు రెక్కలు తిరుగుతుంటే అవి నిలుస్తాయా? వలలు వేసుకుని బతికేవాళ్ల సంగతేమిటి? ఈ విషయంలో నేను రాజీ పడను.

ఇక వాకాడు వైపు తూపిలిపాళెం లాంటి బీచ్‌లు. అక్కడ ఒడ్డున విరిగే అలలకు ఫాయిల్ మొదటి పాఠం కుదరదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫాయిల్ కంటే ముందు కావాల్సినవి అక్కడే మొదలుపెట్టొచ్చు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచీ ఒక స్తంభానికి కట్టాలి. దిగకూడని రోజు ఎర్రజెండా, కాపలా ఉన్న చోట ఎరుపు పసుపు జెండాలు ఉండాలి. లైఫ్‌గార్డులు, ఒక రెస్క్యూ పడవ కార్తీక పౌర్ణమి స్నానాలకే కాకుండా ప్రతి ఆదివారం ఉండాలి. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. నీళ్లలో ప్రాణాలు కాపాడే శిక్షణ ఇస్తుంది. తీరం పల్లెల నుంచి అమ్మాయిలనూ అబ్బాయిలనూ ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి పంపితే, రేపు మన పిల్లలకు నేర్పేది వాళ్లే అవుతారు. పొరుగున చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్ సెయిలింగ్‌లో టోక్యో, పారిస్ రెండు ఒలింపిక్స్‌కూ వెళ్లింది. వాకాడు అమ్మాయి ఎందుకు వెళ్లకూడదు?

బడుల్లో ఈత కూడా ఇందులో భాగమే. తిరుపతి పిల్లలకు హైస్కూలు దాటేలోగా ఈత వచ్చేలా వారానికో పీరియడ్ పూల్‌లో ఇప్పించాలి. ఈత రానివాళ్లకు వింగ్ అద్దెకు ఇవ్వడాన్ని నిషేధించాలి.

ఈ కోరికలన్నీ రాసి, వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమానికి వెళుతున్నాను. తీరం పల్లెల జాలరులు, తోటి పీఈటీలు ఎవరైనా సంతకం చేయదలిస్తే ఉదయం పదింటికి కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను, రండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
కొర్లగుంట, తిరుపతి